లోపల్నుంచి గీసిన గీతలు

వైశాలి నగర్, భిలాయి
11 జులై 1993

చెల్లి హైమవతికి,
ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఇన్‌లాండు కవరు తీసి మళ్ళీ సొరుగులో పడేసేను. మీ వదిన జ్ఞానప్రసూన చూసి, "రాస్తే రాయండి, లేకపోతే మానండి. ఆ కలం అలా నమిలితే పళ్ళూడతాయి గానీ మాటలొస్తాయేటి?" అంది. పళ్ళు ఎలాగూ ఊడుతున్నాయి కాబట్టి రాస్తున్నాను.

రిటైరయ్యేక నాకొక వ్యసనం పట్టుకుంది. దుర్గ్ స్టేషను బయట దేవాంగన్ అని ఒకడికి గడియారాల దుకాణం ఉంది. వారంలో ఒకపూట అక్కడికెళ్ళి కూర్చుంటాను. అతను బాగుచేస్తాడు, నేను వంకలు పెడతాను. ముప్పయ్యేళ్ళు ఉక్కు ప్లాంటు ఇన్‌స్ట్రుమెంటు షాపులో మీటర్ల డయళ్ళకి రంగులేసి, గీతలు గీసి, ముళ్ళు సరిచేసిన చెయ్యి ఇది. ఇంట్లో కూర్చోమంటే కూర్చోదు.

ఆ దుకాణంలో కూర్చుంటే తెలుస్తుంది లోకం సంగతి. రష్యా ఇంజనీర్లు ప్లాంటు కట్టి వెళ్ళిపోయేటప్పుడు చేతి గడియారాలు ఎవరెవరికో ఇచ్చి వెళ్ళేరు, నీకు గుర్తుందో లేదో. మనవాళ్ళకి రష్యా గడియారమంటే చిన్నచూపు. బజార్లో రంగులేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళి పాత పేరు గీకించి స్విస్ పేరు రాయించుకున్నారు. మన ప్లాంటు క్వార్టర్లున్న మరోదాలో సగం స్విస్ గడియారాలు మాస్కోలో పుట్టినవే. ఒకాయన తన గడియారం మావగారు జెనీవా నుంచి తెప్పించేరని ఊరంతా చెప్పుకునేవాడు. వెనక మూత తీస్తే లోపలంతా రష్యా అక్షరాలు. మూత మళ్ళీ బిగించి, "చాలా మంచి గడియారమండీ" అని ఇచ్చేసేను. మంచిదే కూడాను.

సరే. సంగతికొస్తాను. మొన్న దేవాంగన్ గాజు పెట్టెలో ఒక సీకింగు చేతి గడియారం చూసేను. స్టీలుది. తెల్ల డయలు, అంచున సన్నటి నల్ల గీతలు. ఆరంకె దగ్గర చెమ్మ తిని నల్లమచ్చ పడింది.

నీకు గుర్తొచ్చే ఉంటుంది. మీ పెళ్ళికి బాబాయి మన అప్పలసూరికి పెట్టింది అలాంటిదే. పద్నాలుగేళ్ళ కిందట వానల్లో, మరోదా క్వార్టరు మెట్లు దిగి, "దుర్గ్ బజారుదాకా వెళ్ళొస్తాను" అని వెళ్ళి తిరిగిరాని రోజున అతని చేతికున్నదీ అదే.

అలాంటి గడియారాలు ఆ రోజుల్లో ప్రతి రెండో పెళ్ళికొడుకు చేతికీ ఉండేవి. అందుకే రాయొద్దనుకున్నాను. అయితే ఒక్క తేడా ఉంది. ప్లాంటులో అతను పనిచేసే కోకు ఓవెన్ల బొగ్గు గాలికి డయలు నల్లబడిపోతే, డెబ్భైనాలుగులో నేనే ఊడదీసి, పాత రంగంతా తీసేసి, కొత్త రంగేసి, గీతలు గీసి ఇచ్చేను. కంపెనీ పనో నా పనో చెప్పండని షాపులో అందరితో పందేలు కాసేను. ఒక్కడూ చెప్పలేకపోయేడు.

కాబట్టి ఈ దుర్గ్ గడియారం డయలు కంపెనీ నుంచి వచ్చిందే అయితే, ఇది అప్పలసూరిది కాదు. నేను రంగేసిందయితే అతనిదే. గాజు పైనుంచి చూస్తే నాకే తెలియలేదు.

ఎక్కడిదని దేవాంగన్‌ని అడిగేను. రైలు పట్టాల మీద పనిచేసిన ముసలి గ్యాంగ్‌మన్ ఒకడున్నాడట. అతని కోడలు తెచ్చి అమ్మిందట. గ్యాంగ్‌మన్ ఇంట్లోకి ఈ గడియారం ఎలా వచ్చిందో నాకు తెలీదు. కనుక్కోవాలో వద్దో నువ్వు చెప్పాలి. వద్దంటే ఆ దుకాణం మెట్టు మళ్ళీ ఎక్కను.

ఇట్లు,
గురునాథరావు


బొబ్బిలి
24 జులై 1993

గురునాథం అన్నయ్యకి,
నమస్కారాలు. వదినకి నా మాటగా చెప్పు.

నీ ఉత్తరం బళ్ళోకి వచ్చింది. మూడో క్లాసు పిల్లలకి ఎక్కాలు అప్పగించమని చెప్పి చదివేను. పదమూడో ఎక్కం ఎవరెలా చెప్పేరో నాకు తెలీదు.

కనుక్కో. మెట్టెక్కు.

ఎందుకో కూడా రాస్తాను, ఇన్నాళ్ళూ నీకు రాయలేదు. మా మరిది రామచంద్రరావు ఈ ఉగాది నుంచీ పట్టుకున్నాడు. "వదినా, మనిషి పన్నెండేళ్ళు కనపడకపోతే శాస్త్రం ఒప్పుకుంటుంది. దర్భలతో బొమ్మ కట్టి, దహనం చేసి, కర్మ చేసేద్దాం. అన్నయ్య ఇటూ అటూ కాకుండా ఉండిపోయేడు. మా అమ్మాయి రజనీకుమారి పెళ్ళి మాఘంలో అనుకుంటున్నాం, దానికి ముందు ఇది అయిపోవాలి" అంటాడు. చెడ్డవాడు కాదు. ఇన్నేళ్ళూ మమ్మల్ని చూసినవాడే.

నేను ఒప్పుకోలేదు. "బతికున్న మనిషిని కాలిస్తేనో?" అన్నాను. "చచ్చిపోయిన మనిషిని కాల్చకుండా ఉంచితేనో?" అన్నాడు.

సత్యప్రసాద్ జూటు మిల్లులో కుదురుకున్నాడు. వాళ్ళ బాబాయి అడిగితే, "అమ్మ ఎలాగంటే అలాగ" అంటాడు. నాన్న అన్న మాట మాత్రం వాడి నోట రాదు.

నా సంగతి విను. నిన్న శ్రావణ శుక్రవారం ఎదురింటి వాళ్ళు పేరంటానికి పిలిచేరు. వాళ్ళ పెద్ద కోడలు పసుపు రాయడానికి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. వాళ్ళత్తగారు వంటింటి గుమ్మంలోంచి ఏదో సైగ చేసింది. ఆ పిల్ల గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయింది. రాయాలో మానాలో దానికి తెలీదు, పాపం. నేనే గిన్నె తీసుకుని రాసుకున్నాను. శనగలు కొంగున కట్టుకుని వచ్చేసేను.

నాకు ఒక్కటే కావాలి అన్నయ్యా. ఉన్నారా, లేరా. డయలు చూడు. చూసి ఉన్నదున్నట్టు రాయి.

నీ చెల్లెలు,
హైమవతి


వైశాలి నగర్, భిలాయి
29 సెప్టెంబరు 1993

చెల్లి హైమవతికి,
ఆశీస్సులు.

ఆలస్యమైంది. తప్పు నాది కాదు, వినాయకుడిది. చవితి రోజుల్లో దేవాంగన్ దుకాణం కట్టేసి పందిట్లో కూర్చుంటాడు. ఇక నవరాత్రులు కూడా వెళ్ళనివ్వమన్నాడు. గిరాకీ లేని రోజున దుకాణం తలుపులు వేసి, గడియారం విప్పి నా ముందు పెడతానన్నాడు. "అంకల్‌జీ, కాహే కో పరేషాన్ హోతే హో? ఏక్‌దమ్ ఒరిజినల్ హై!" అని, కంగారెందుకు అచ్చం కంపెనీదే అని, పదిసార్లన్నాడు. వాడి దుకాణంలో ఒరిజినల్ కానిది వాడొక్కడే అని వాడి తండ్రి అంటూ ఉండేవాడు, పాపం పోయేడు. వాడు అమ్మే మనిషి. వాడి మాట పక్కన పెట్టు.

నేనెలా చూస్తానో నీకు చెప్పాలి. రేపు నేనేదంటే అది గుడ్డిగా నమ్మకుండా, ఎందుకన్నానో నీకు తెలిసి ఉండాలి.

డయళ్ళు మూడు రకాలు. మొదటిది కంపెనీది. అక్కడ గీతలు గీయరు, అచ్చు కొడతారు. ఒక మెత్తటి ముద్ద సిరాని ఎత్తుకొచ్చి డయలు మీద ఒత్తుతుంది. గీత మొదలూ చివరా ఒక్కలాగే ఉంటాయి. భూతద్దంలో చూసినా చెయ్యి కనపడదు, ఎందుకంటే అక్కడ చెయ్యి లేదు.

రెండోది బజారు పని. వాడు డయలు ముందు పెట్టుకుని, అంచు దగ్గర కలం ఆనించి లోపలికి లాగుతాడు. కలం ఆనిన చోట సిరా ఒక్క పిసరు ఎక్కువ దిగుతుంది. ఆవగింజలో పదో వంతు. అందుకని బజారు గీతకి బయటి కొస లావు, లోపలి కొస సన్నం.

మూడోది మా ఇన్‌స్ట్రుమెంటు షాపు పని. మేము ఆవిరి మీటర్లకి, గాలి మీటర్లకి గీసేవాళ్ళం. మీటరులో ముల్లు కొస గీత లోపలి చివరకి వచ్చి ఆగుతుంది. ఎంత ప్రెషరుందో చెప్పేది ఆ చివరే. అది వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే ఓవెన్ల దగ్గర ఉన్నవాడి ప్రాణం మీదికొస్తుంది. అందుకని మేము లోపలే కలం ఆనించి, బయటికి లాగుతాం. బయటి కొస ఎలా పోయినా ఎవడూ అడగడు. ఆ అలవాటు ముప్పయ్యేళ్ళది. చేతి గడియారం మీదయినా మా గీతకి లోపలి కొసే లావు. భిలాయిలో మా షాపులో తప్ప ఇంకెక్కడా ఎవరూ అలా గీయరు. మా షాపులోనూ చేతి గడియారానికి గీసినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ ఒక్క గడియారానికే. సరదాకి మొదలెట్టి, కళ్ళు పోయేట్టున్నాయని మానేసేను.

అంచేత నేను చూడాల్సింది ఇంతే. గీత ఎక్కడ మొదలైంది?

గ్యాంగ్‌మన్ పేరు బిసాహు. బతికే ఉన్నాడట. రాజహరా వెళ్ళే రైలు లైను పక్క బస్తీలో ఉంటాడు. అతని దగ్గరికీ వెళ్తాను. ముందు గడియారం, తర్వాత మనిషి. మనుషులు చెప్పేది విన్నాక గడియారం చూస్తే, విన్నదే కనిపిస్తుంది.

మీ వదిన నీకు ఊరగాయ పంపిద్దామంటోంది. బొబ్బిలి వాళ్ళకి భిలాయి నుంచి ఆవకాయేటి అన్నాను. ఆ పూట నా కంచంలో ఊరగాయ పడలేదు.

గురునాథరావు


బొబ్బిలి
27 అక్టోబరు 1993

గురునాథం అన్నయ్యకి,
నమస్కారాలు.

నీ గీతల పాఠం నాలుగుసార్లు చదివేను. బళ్ళో నల్లబల్ల మీద సుద్దతో గీసి చూసుకున్నాను కూడా. నిజమే. ఆనించిన చోటే లావుగా ఉంది.

ఈ ఏళ్ళలో ఎంతమంది ఆయన్ని చూసేమన్నారో నీకు తెలుసా? ఒకాయన సింహాచలం మెట్ల మీద కాషాయంలో చూసేనన్నాడు. కనకలత పిన్ని పూరీలో చూసేనంది, రథం లాగుతున్నారంది. రథం లాగే అంత మందిలో మనిషిని పోల్చగలిగిందంటే మెచ్చుకోవాలి. నవ్వుతున్నాననుకోకు.

జగదల్‌పూర్ సంగతి నీకు రాయలేదు. ఎనభైఆరులో ఒకడొచ్చి, అక్కడ అప్పలసూరి కుట్టుమిషను దుకాణం పెట్టేడు, ఆడమనిషి ఉంది, ఒక పిల్ల కూడా ఉంది అన్నాడు. రామచంద్రరావూ నేనూ వెళ్ళేం. బస్సులో దారి పొడుగునా నేను ఆవిడ ఎలా ఉంటుందో, ఆ పిల్ల మా సత్యప్రసాద్‌లా ఉంటుందో లేదో అనుకుంటూనే ఉన్నాను.

దుకాణంలో ఉన్నది ఎవరో ఒరియా ఆయన. నుదురు ఒక్కటే కాస్త ఈయనలా ఉంది. మేము ఎందుకొచ్చేమో తెలిసి, కూర్చోబెట్టి టీ తెప్పించేడు. "మీరు వెతికే మనిషిని నేను కాలేకపోయేను, ఏమనుకోకండమ్మా" అన్నాడు. ఆవిడ వచ్చి గ్లాసులు తీసుకెళ్ళింది. మంచి మనిషి.

దసరా అయిపోయింది. తొందరగా చూడు. రామచంద్రరావు మాఘంలో ముహూర్తం ఖాయం చేసేసేడు.

హైమవతి


వైశాలి నగర్, భిలాయి
23 నవంబరు 1993

చెల్లి హైమవతికి,
ఆశీస్సులు.

గడియారం విప్పించి చూసేను. డయలు కంపెనీదే. అది అప్పలసూరిది కాదు. రామచంద్రరావుకి ఈ మాటే చెప్పు. నిశ్చింతగా ఉండు.

మీ వదిన అడిగినట్టు చెప్పమంది.

గురునాథరావు


బొబ్బిలి
5 డిసెంబరు 1993

అన్నయ్యకి,

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరమనే అనాలేమో.

పెద్దమ్మ పోయినప్పుడు నువ్వు రాసినది నా దగ్గరింకా ఉంది. నాలుగు పేజీలు. అందులో అర పేజీ కుండలు తెచ్చినవాడి గురించి. కన్నతల్లి పోయిన రోజున కూడా నువ్వు దారి తప్పకుండా ఉండలేకపోయేవు. అలాంటి మనిషివి, ఇన్ని నెలలు ఎదురుచూసిన మాట రాయడానికొచ్చేసరికి ఎటూ వంగకుండా తిన్నగా వచ్చి తిన్నగా వెళ్ళిపోయేవు. దేవాంగన్ ఏమన్నాడో లేదు. వదిన ఏమందో లేదు. బిసాహు పేరే లేదు. గీత ఎక్కడ మొదలైందో చూస్తానని రెండు పేజీలు రాసినవాడివి, ఎక్కడ మొదలైందో రాయలేదు.

అబద్ధమాడటం నీకు చేతకాదు అన్నయ్యా. నీకు చేతనైనదల్లా సాగదీయడం.

ఎందుకు దాచేవో నాకు తెలుసు. ఆయన ఎక్కడో ఉన్నారన్న ఆశ మీద నేను బతుకుతున్నాననుకున్నావు. అందరూ అలాగే అనుకుంటారు. బొట్టు చెరపనివ్వలేదు, బొమ్మ కాల్చనివ్వలేదు, కాబట్టి ఆశ అనుకుంటారు. నేనూ కాదనలేదు. అనుకోనిచ్చేను.

ఇప్పుడు నీకొక్కడికే రాస్తున్నాను. వదినకి కూడా చదివి వినిపించకు.

ఆయన బతికుంటే నన్నొదిలేసినట్టు. ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణీ నన్నూ ఆ క్వార్టర్లో వదిలేసి, వెళ్ళొస్తానని చెప్పి, ఎక్కడో అన్నం తింటూ, ఎక్కడో నిద్రపోతూ పద్నాలుగేళ్ళు ఉండగలిగేరన్నమాట. జగదల్‌పూర్ బస్సులో నాకు అర్థమైంది అదే. ఆ దుకాణంలో ఈయన కనపడాలని నేను కోరుకోలేదు. ఈయన కాకూడదు, ఈయన కాకూడదు అనుకుంటూ వెళ్ళేను. కాదని తెలిసేక కూడా నెమ్మది లేదు. ఇంకెక్కడున్నారో అన్నది అలాగే ఉంది కదా.

పోయి ఉంటే ఆయన నన్నొదల్లేదు. సత్యప్రసాద్‌ని ఒదల్లేదు. అంతే తేడా.

దర్భబొమ్మ వద్దన్నది ఆయన బతికున్నారని కాదు. తెలియకుండా కాలిస్తే, ఎవరేమన్నా నాకది ఉత్త గడ్డి. నా మొగుడు పోయేడని తెలిసి కాల్చాలి. లేదా వెళ్ళిపోయేడని తెలిసి నోరు మూసుకోవాలి.

నిజం రాయి. నీకు అలవాటైనట్టే రాయి.

హైమ


వైశాలి నగర్, భిలాయి
16 డిసెంబరు 1993

అమ్మా హైమా,

నీ ఉత్తరం మీ వదినకి చూపించలేదు. చదివేక నా మొహం చూసి ఆవిడే అంది, "చెప్పేయండి. మీ కడుపులో ఇన్నాళ్ళు ఏదీ ఉన్నట్టు నేనెరగను" అని.

దేవాంగన్ తలుపులు వేసి, దీపం వెలిగించి, నన్ను తన స్టూలు మీద కూర్చోబెట్టేడు. తన భూతద్దం నాకిచ్చేడు. గడియారాలు బాగుచేసేవాడు భూతద్దం ఇవ్వడమంటే వంటమనిషి గరిటె ఇచ్చినట్టే, తేలిగ్గా ఇవ్వరు. ముళ్ళు తీసేడు. డయలు ఊడదీసి, మెత్తటి గుడ్డ మీద పెట్టి, "దేఖియే" అని చూడమన్నాడు.

ముందు రెండంకె దగ్గర చూసేను. గీత లోపలి కొసన నల్లటి చిన్న గుండ్రం. అక్కణ్ణుంచి సన్నబడుతూ బయటికి పోయింది. తర్వాతది చూసేను. అలాగే. ఆ తర్వాతది. అన్నీ లోపల్నుంచి గీసినవే. నా చెయ్యే.

నాలుగంకె దాటేక ఒక గీత కొద్దిగా వంకర పోయింది. అదెలా పోయిందో కూడా గుర్తొచ్చింది. నేను ఊపిరి బిగబట్టి గీస్తున్నాను. అప్పలసూరి నా వెనక నిలబడి ఉన్నాడు. "బావగారూ, మీటరనుకుని ఎర్రగీత పెట్టేస్తారేమో! నేను షిఫ్టుకి ఆలస్యమైతే ముల్లు దాటి గంట మోగుతుంది" అన్నాడు. నవ్వొచ్చి చెయ్యి కదిలింది. తుడిచి మళ్ళీ గీస్తానన్నాను. "ఉండనీండి బావగారూ, ఒక్కటైనా వంకరుంటే నా గడియారమని నాకు తెలుస్తుంది" అన్నాడు.

భూతద్దం మళ్ళీ ఆ వంకర గీత మీదే పెట్టేను. దేవాంగన్ కంగారు పడ్డాడు. "క్యా హువా అంకల్? ఒరిజినల్ నహీ హై క్యా?" అన్నాడు, ఒరిజినల్ కాదా ఏమిటని. ఇరవయ్యేళ్ళుగా గడియారాలే చూస్తున్నవాడు, వాడి తండ్రీ అదే పని చేసినవాడు, నా పని చూసి కంపెనీ పని అని దేవుడి మీద ఒట్టేసేడు. బతుకులో ఇంతకంటే పెద్ద మెప్పు నాకు దొరకలేదు. దొరికిన రోజు అది.

నువ్వన్నట్టు ముందు గడియారం, తర్వాత మనిషి. కాదు, ఆ మాట నాదే. బిసాహు దగ్గరికి వెళ్ళేను. ఇప్పుడు కళ్ళు సరిగ్గా కనపడవు అతనికి. గుమ్మంలో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడియారం మాటెత్తగానే, "చోర్ నఇ హవ్ బాబూ" అన్నాడు, దొంగని కాను బాబూ అని. ఎవరన్నారు అన్నాను. ఇన్నేళ్ళూ ఎవరో ఒకరు వచ్చి అలా అంటారని కూర్చున్నాడట.

అతను చెప్పింది ఇది. ఏ సంవత్సరమో చెప్పలేడు గానీ, నాలుగు రోజులు తెరిపి లేకుండా వాన పడ్డ ఏడు అన్నాడు. సాయంత్రం పూట. బస్సులు ఆగిపోయేయి. దుర్గ్ నుంచి మరోదా వైపు రాజహరా లైను పట్టాల మీద ఒక మనిషి గొడుగు వేసుకుని నడిచి వస్తున్నాడు. ఇనపరాయి కోసం రాజహరా వెళ్ళే ఖాళీ గూడ్సు వెనక నుంచి వచ్చింది. గొడుగు మీద వాన చప్పుడు, ఎదురుగాలి. ఆ మనిషి వెనక్కి తిరగనైనా లేదట, గూడ్సు కొట్టేసింది. మొహం పోల్చుకునేట్టు లేదు. అందరికన్నా ముందు బిసాహు చేరుకున్నాడు. చేతి మీద గడియారం తిరుగుతూనే ఉందట. "దాన్ని చూస్తే భయమేసి తీసేసేను. తీసేక తిరిగి ఇవ్వడానికి ఇంకా భయమేసింది" అన్నాడు. ఒక్కరోజు కూడా కట్టుకోలేదు. చూరులో దాచేడు. మొన్న కప్పు మారుస్తుంటే కోడలికి దొరికింది.

శవాన్ని దుర్గ్ తీసుకెళ్ళి ఉంచేరట. ఎవరూ రాలేదట.

హైమా, ఎవరూ రాలేదంటే ఎవరు? మనం. ఆ వారమంతా నేనూ రామచంద్రరావూ రాయపూర్ ప్లాట్‌ఫారాల మీదా, బిలాస్‌పూర్ సత్రాల్లోనూ, వాల్తేరు వెళ్ళే రైళ్ళలోనూ వెతికేం. మనందరిదీ ఒకటే ఊహ. సొంత ఊరు వదిలొచ్చిన మనిషి కాబట్టి, ఈ ఊరు కూడా వదిలి పోయేడనుకున్నాం. వెళ్ళేవాళ్ళ దారులన్నీ గాలించేం. అతను ఇంటికి వస్తున్నాడేమోనని ఒక్కడికీ తట్టలేదు. ఇంటి దారి ఒక్కటే వెతకలేదు.

అతని మొహం మరోదా వైపే ఉందని బిసాహు రెండుసార్లు చెప్పేడు. నేను మూడోసారి అడిగేను. "ఓ తర్ఫ్, బాబూ", అటువైపే అని చెయ్యి చూపించేడు. మీ క్వార్టరు వైపు.

గడియారం ఇప్పుడు నా దగ్గరే ఉంది. దేవాంగన్‌కి అంతా చెప్పేను. రుమాల్లో చుట్టి ఇచ్చి, రెండు చేతులూ జోడించేడు. ఎంత ఇమ్మంటావన్నా వినలేదు.

సత్యప్రసాద్‌ని తీసుకుని రా. శివనాథ్ నది ఒడ్డున కర్మ చేయిద్దాం. ఇక్కడి సెక్టరులో మన తెలుగు శాస్త్రిగారున్నారు. రామచంద్రరావుకి నేనే రాస్తాను.

అన్నయ్య,
గురునాథరావు


బొబ్బిలి
11 ఫిబ్రవరి 1994

గురునాథం అన్నయ్యకి, వదినకి,
నమస్కారాలు.

క్షేమంగా చేరేం. మీరిద్దరూ ఆ నాలుగు రోజులూ చేసినదానికి నేనేమీ రాయను. రాస్తే వదిన కోప్పడుతుంది.

అక్కడ బొట్టు సంగతి మీరు ఎత్తలేదు. ఎత్తబోయిన ఆడవాళ్ళని వదిన వీధి గుమ్మంలోంచే పంపేసింది, నేను చూసేను. బొబ్బిలి వెళ్ళి మా ఇంట్లోనే తీస్తానన్నాను కదా. తీసేను. తెల్లవారి స్నానం చేసి నేనే తుడుచుకున్నాను. ఎవరినీ పిలవలేదు.

రామచంద్రరావు స్టేషనుకొచ్చేడు. నీ ఉత్తరం జేబులో ఉంది, మడతలు చిరిగిపోయేయి. "వదినా, మరోదా వైపేనట కదా" అన్నాడు. అవునన్నాను. రిక్షాలో ఇంటిదాకా మళ్ళీ అదే మాట అడుగుతూ వచ్చేడు. రజనీకుమారి పెళ్ళి తన అన్నయ్య ఏడాది వెళ్ళేదాకా చెయ్యనంటున్నాడు. వద్దని చెప్తున్నాను. నువ్వు కూడా ఒక ముక్క రాయి.

సత్యప్రసాద్ శివనాథ్ ఒడ్డున ఆ దర్భబొమ్మకి నిప్పు పెట్టేక, శాస్త్రిగారు తండ్రి పేరు చెప్పమంటే చెప్పేడే, అది వాడి నోట నేను వినడం ఎన్నాళ్ళకో. రైల్లో పై బెర్తు మీద పడుకుని, "అమ్మా, ఆయన పొడుగా?" అని అడిగేడు. పొడుగే అన్నాను. ఇంకా చాలా అడిగేడు. రాయగడ దాకా చెప్తూనే ఉన్నాను.

డయలు మీద నల్లమచ్చ తీసేసి, కొత్తగా రంగేసి ఇస్తానన్నావు. వద్దు అన్నయ్యా. ఉన్నట్టే ఉండనీ.

రాయగడలో ఒకావిడ ఎక్కింది. విజయనగరం వెళ్తోందట. ఎదురుగా కూర్చుని, కాసేపు చలి గురించి మాట్లాడి, నా మొహాన బొట్టు చూసి, "మీవారు ఏం చేస్తారమ్మా?" అని అడిగింది.

"పోయేరండీ. భిలాయిలో కోకు ఓవెన్లలో పని చేసేవారు" అన్నాను.

అయ్యో అంది. సంచిలోంచి అరటిపండు తీసి ఇచ్చింది. తిన్నాను.

హైమవతి